తెలియకపోతే వదిలెయ్

మా ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే నాకు భయం. మొదటి నుంచీ ఉన్న భయం కాదిది, మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు పట్టుకుంది. అంతకుముందు మా ఇంట్లో నిశ్శబ్దమనేదే లేదు. ఎల్.బి.నగర్ చౌరస్తాకు దగ్గరలో కిరాయికి ఉంటాం. బయట లారీల మోత, లోపల ఆ పిల్ల నోరు. బల్లి తోక తెగితే నొప్పి బల్లికా తోకకా, మెట్రో నడిపేటాయనకు ఒక్కడే కూర్చుంటే బోర్ కొట్టదా, చింతపండు పుల్లగా ఉంటుందని చింతచెట్టుకు తెలుసా. ఒకదానికి జవాబు చెప్పేలోపు ఇంకోటి. హయత్‌నగర్ డిపోలో మెకానిక్‌గా చేసే మా ఆయన డ్యూటీ దిగి వచ్చి చెవుల్లో వేళ్లు పెట్టుకునేవాడు. "బస్సు ఇంజన్ అయితే బంద్ చేస్తే ఆగుతది, నిన్నెట్ల ఆపాలె బిడ్డా" అని నవ్వేవాడు.

మా గల్లీ చివర ఉన్న ప్రైవేటు బడిలో నేను మూడో తరగతి టీచర్ని. పెద్ద బడేం కాదు. మూడంతస్తుల ఇల్లు, ఆడుకోవడానికి కింద రెండు కార్లు పట్టేంత జాగా. నా క్లాసులో నలభైమంది దాకా పిల్లలు. ఆటో నడిపేవాళ్ల పిల్లలు, మేస్త్రీల పిల్లలు, ఎక్కువగా మాలాగే నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. నేను చేరిన కొత్తలో ప్రశ్న అడిగితే ఒక్కరూ నోరు విప్పేవారు కాదు. తప్పు చెప్తే తిట్లు పడతాయని, పక్కవాళ్లు నవ్వుతారని. అందుకే ఒక పద్ధతి పెట్టాను. ఆ రోజు మొదటి తప్పు జవాబు ఎవరు చెప్తే వాళ్లకు బోర్డు తుడిచే పని. కుర్చీ ఎక్కి, డస్టర్ పట్టుకుని, సుద్దపొడి నెత్తిన పోసుకుంటూ బోర్డు తుడవడం కన్నా మూడో తరగతి పిల్లలకు పెద్ద పదవి లేదు. అప్పటి నుంచి చేతులు లేవడం మొదలైంది. ఒక్క ప్రశ్నకు పదిమంది ఒకేసారి అరుస్తారు. మా హెడ్ మేడమ్ తలుపు దగ్గర నిలబడి "ఇది క్లాసా, కూరగాయల మార్కెటా" అని కళ్లెర్రజేసి పోతుంది. పోనీ అనుకుంటాను. అరిచే పిల్లలకు ఏం రాదో నాకు తెలిసిపోతుంది, అరవని పిల్లలే అర్థం కారు.

మా అమ్మాయీ నా క్లాసులోనే ఉండేది. బడిలో నన్ను టీచర్ అని, ఇంట్లో మమ్మీ అని పిలిచేది. పొరపాటున కూడా ఆ పిలుపు మారేది కాదు. అయితే బోర్డు తుడవడం మాత్రం తనకు ఒక్కసారీ దక్కలేదు. ఏది అడిగినా కరెక్టుగా చెప్పేది. ఒకసారి డస్టర్ మీద ఆశకొద్దీ ఏడు ఆర్లు యాభై అంది. కావాలని చెప్పిన తప్పు చెల్లదని నేను కూర్చోబెట్టేశాను. మూతి ముడుచుకుని సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

నవ్వుకునే సంగతే గానీ, నాకు లోలోపల గుబులుగా ఉండేది. నేను లెక్క బోర్డు మీద రాసేలోపే తను చేసేసేది. మిగతా పిల్లలతో నేను కుస్తీ పడుతుంటే కిటికీలోంచి కరెంటు తీగల మీద కాకుల్ని చూస్తూ కూర్చునేది. పుస్తకం అంచుల నిండా ఏవో డబ్బాలు, మెట్లు గీసేది. నలభైమందిలో వెనకబడ్డవాళ్లను లాక్కురావడానికే నా ఒళ్లు హూనమైపోతుంది. ముందు పరుగెత్తే పిల్లకు నేనేం పెట్టగలను? నా క్లాసులో నా కూతురికే నేను చాలడం లేదని తెలిసినప్పుడు నిజంగా భయమేసింది. కాకుల్ని చూస్తూ చూస్తూ ఈ పిల్ల తెలివి మొద్దుబారిపోతే ఎవరిని అడగాలి?

ఆ సమయంలోనే దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక పెద్ద స్కూలు వాళ్లు చిన్నపిల్లలకు టాలెంట్ టెస్ట్ పెట్టారు. అందులో ఎంపికైన వాళ్లకు వేరే సెక్షన్, వేరే పుస్తకాలు, వేరే సార్లు. స్పెషల్ బ్యాచ్ అంటారు. పై పోర్షన్‌లో ఉండే మా ఇంటి ఓనర్ ఆంటీది గుంటూరు వైపు. వాళ్ల మనవడు అప్పటికే ఆ బ్యాచ్‌లో ఉన్నాడు. ఆవిడే ఫారం తెచ్చిచ్చింది. "ఇంత బుర్రున్న పిల్లని ఈ సందులో బడికి పంపిస్తావేంటమ్మా? నువ్వే పాఠం చెప్తున్నావని మొహమాటమా ఏంటి?" అంది. సరదాగానే అంది గానీ నాకు సూదిలా దిగింది.

మా అమ్మాయి టెస్టులో ముందు వరుసలో నిలబడింది. మా ఆయన డిపో అంతా స్వీట్లు పంచాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల పొడవునా ర్యాంకుల పిల్లల ఫ్లెక్సీలు కడతారు కదా, వాటిని చూపిస్తూ "ఒకనాడు మన బిడ్డ ఫోటో గూడ గిట్లనే పడ్తది సూడు" అన్నాడు. నేను ఆ ఫోటోల్లోని పిల్లల్ని చూశాను. ఒక్కరూ నవ్వడం లేదు. పాస్‌పోర్టు ఫోటోలు కదా అలాగే ఉంటాయని సర్దిచెప్పుకున్నాను. పంపిస్తే ఏమవుతుందో అని భయం, పంపకపోతే రేపు నన్నే అడుగుతుందేమో అని ఇంకో భయం.

పంపించాం. అబద్ధమెందుకు చెప్పాలి, మొదటి రెండు మూడు నెలలు నా కూతురు వెలిగిపోయింది. అక్కడ గదిలో ఇరవైమందే పిల్లలు. రోజుకో పజిల్. అగ్గిపుల్లలతో లెక్కలు, కాగితం మడతపెట్టి గుచ్చితే ఎన్ని బొక్కలు పడతాయో చెప్పడాలు, నేను బీఈడీలో కూడా వినని సంగతులు. ఇంటికొచ్చి నాకు పరీక్ష పెట్టేది. నేను ఓడిపోతే చప్పట్లు కొట్టేది. మా ఆయన ఒక చిన్న వైట్ బోర్డు కొనుక్కొచ్చి హాల్లో ఫ్రిజ్ పక్కన మేకుకు తగిలించాడు. దాని మీద బ్యాచ్ టైమ్ టేబుల్‌ను నీలిరంగు పెన్నుతో స్వయంగా రాశాడు. నా నలభైమందికి ఇలాంటి పాఠాలు నేనెందుకు చెప్పలేకపోతున్నానని నాకు కుళ్లుగా కూడా ఉండేది.

దసరా సెలవుల ముందు తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. బ్యాచ్ ఇన్‌చార్జి సార్ మర్యాదగా, మెత్తగా మాట్లాడే మనిషి. "మామూలు బడిలో పిల్లలు తప్పులు చేసి నేర్చుకుంటారండీ. మన దగ్గర తప్పు చేయకుండా నేర్చుకుంటారు" అన్నాడు. ఇక నుంచి ప్రతి ఆదివారం టెస్ట్ ఉంటుందని, గుండ్రాలు నింపే షీట్ మీద రాయాలని, తప్పు గుండ్రం నింపితే వచ్చిన మార్కుల్లోంచి కోత పడుతుందని, ర్యాంకును బట్టి సెక్షన్లు మారతాయని చెప్పాడు. "అందుకే మేము పిల్లలకి మొదట నేర్పేది ఒకటే. తెలియకపోతే వదిలెయ్. డౌట్ ఉన్నదాన్ని ముట్టుకోకపోవడమే తెలివి. ఇంట్లో కూడా మీరు ఇదే అలవాటు చేయించండి." చుట్టూ అందరూ తలలూపారు. కొందరు రాసుకున్నారు. నా కళ్లముందు డస్టర్ కోసం ఎగబడే నా క్లాసు పిల్లలు మెదిలారు. లేచి ఏదో అడగాలనిపించింది. ఏం అడగాలో సరిగ్గా తెలియక నేను కూడా ఊరుకున్నాను.

నా కూతురు ఏది నేర్పినా గట్టిగా నేర్చుకునే పిల్ల. ఇదీ నేర్చుకుంది.

మొదట టిఫిన్ సెంటర్లో గమనించాను. "ఇడ్లీయా, దోశా?" అని అడిగితే నన్ను చూసింది, వాళ్ల నాన్నను చూసింది, తల దించుకుంది. సర్వర్ కుర్రాడు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. "ఏందిరా, మౌనవ్రతమా?" అని మా ఆయన నవ్వుతూ ఇడ్లీ చెప్పాడు. తర్వాత మీర్‌పేట్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసి, "ఆడుకోనీకి మా చిన్నదాన్ని తోలనా, పెద్దమ్మను గుర్తు చేస్తున్నవా" అని అడిగితే ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది. క్లాసులో ఎవరితో కూర్చున్నావంటే మౌనం. చలిగా ఉందా అంటే మౌనం. కచ్చితంగా తెలిసినవి మాత్రం టకటకా చెప్పేది. ఎక్కాలు, రాజధానులు, ఘనాలు, వర్గాలు. కొంచెం అటో ఇటో ఆలోచించాల్సినదేదైనా వస్తే పెదాలు బిగించేది. బల్లులు, చింతచెట్లు, మెట్రో డ్రైవర్లు ఎటు పోయారో తెలియదు. ఇంట్లో లారీల మోత వినిపించడం మొదలైంది.

"పెద్దదవుతోంది కదమ్మా, ఒద్దిక వస్తోంది" అంది ఓనర్ ఆంటీ. ర్యాంకు కూడా పైకే పోతోంది కాబట్టి ఎవరికీ తప్పు కనబడలేదు. నాకు మాత్రం భయమేసేది. నా క్లాసులో మాట్లాడని పిల్లలు ఉంటారు, వాళ్లు భయస్తులు. మాట్లాడటం మానేసిన పిల్లను నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే ఆ శుక్రవారం వచ్చింది. పిల్ల బడి నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. శనివారం పొద్దున ఒకసారి కక్కింది, ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. చంపాపేట్ రోడ్డు మీద మేమెప్పుడూ వెళ్లే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నొప్పి ఎక్కడమ్మా, ఎప్పటి నుంచి, గుచ్చుతున్నట్టుందా మెలిపెడుతున్నట్టుందా అని ఆయన ఓపికగా అడిగాడు. పిల్ల ఆయన వంక చూస్తూ కూర్చుంది. పొట్ట నొక్కినప్పుడు కళ్లు మూసుకుంది గానీ కిక్కురుమనలేదు. "బయట తిండి తిన్నదేమో, మందు రాస్తున్న. మళ్ల కక్కినా, నొప్పి ఎక్కువైనా ఆలస్యం చేయకుండ పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి" అని పంపాడు.

ఆదివారం తెల్లారేసరికి తనే లేచి స్నానం చేసి యూనిఫామ్ వేసుకుంది. జ్వరం లేదు. ఇడ్లీ సగం తింది. నొప్పి తగ్గిందా అంటే తల ఊపిందో లేదో అన్నట్టు ఊపింది. ఆ రోజు టెస్టును బట్టి సెక్షన్లు మారుస్తారు. వద్దులే అన్నాను. కళ్లలో నీళ్లు నింపుకుని బ్యాగు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మా ఆయన బండి మీద తీసుకెళ్లి దింపి డ్యూటీకి పోయాడు.

పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. "మీ పాప బెంచీ మీద వంగిపోయి ఉందండీ, లేవట్లేదు" అన్నాడు ఇన్‌చార్జి సార్. నేను ఎలా బయటపడ్డానో గుర్తు లేదు. ఇంటికి తాళం వేశానో లేదో కూడా తెలియదు. మెట్రో ఎక్కి ఉంటే తొందరగా చేరేదాన్నేమో, అది తోచక ఆటో ఎక్కాను. కొత్తపేట దగ్గర బండ్లు ఆగిపోయాయి. "అన్నా, జర జల్ది" అంటూనే ఉన్నాను. "ఎట్ల పోవాలక్కా, గాల్లెకెళ్లా?" అని అతను విసుక్కుని, నా మొహం చూసి రాంగ్ రూట్లో తిప్పాడు. పిల్లర్ల మీద ఫ్లెక్సీలు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. ఆ నవ్వని మొహాలన్నీ నన్నే చూస్తున్నట్టనిపించి కళ్లు మూసుకున్నాను.

నేనూ ఇన్‌చార్జి సారూ కలిసి పిల్లను స్కూలు పక్క రోడ్డులోనే ఉన్న పిల్లల ఆస్పత్రికి తీసుకెళ్లాం. మా ఆయన డిపో నుంచి బట్టలకు గ్రీజుతోనే వచ్చాడు. స్కాన్ తీశారు. డాక్టరమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది. "అపెండిక్స్ అనుకుంటున్నానమ్మా. గ్యాస్ అడ్డం ఉండి స్కాన్‌లో స్పష్టంగా కనిపించట్లేదు. నొప్పి ఎప్పుడు మొదలైంది, మధ్యలో ఒక్కసారిగా తగ్గిపోయిందా, ఇవి నాకు పాప చెప్పాలి. అలా తగ్గి మళ్లీ వస్తే లోపల పగిలి ఉండొచ్చు. అప్పుడు ఆగడానికి లేదు. ఎంత అడిగినా చెప్పట్లేదు. పాపకి మాటలు వచ్చు కదా?"

మాటలు వచ్చు కదా అని అడిగింది నా కూతురి గురించి!

మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. "నొప్పి ఎప్పటి సంది బిడ్డా?" పెదాలు బిగించింది. "పొద్దున తగ్గిందా?" కళ్లు పైకప్పు మీద తిరుగుతున్నాయి, లెక్క చేసేటప్పుడు తిరిగినట్టు. మా ఆయన "చెప్పురా, ఏదో ఒకటి చెప్పు తల్లీ" అని ఆమె కాళ్లు పట్టుకున్నాడు. అప్పుడు నా చెవి దగ్గర సన్నగా అంది.

"కరెక్టో కాదో తెలుస్తలేదు మమ్మీ. తప్పయితే మైనస్ పడ్తదా?"

లోపల పేగు పగిలిందేమోనన్న నొప్పిలో కూడా ఈ పిల్ల గుండ్రం నింపాలా వదిలేయాలా అని చూస్తోంది. మైనస్ లేదు బిడ్డా, ఇక్కడ మైనస్ ఉండదు అన్నాను. నమ్మలేదు. నేను చెప్పానని నమ్మడానికి తనేమీ చిన్నపిల్ల కాదు, స్పెషల్ బ్యాచ్ పిల్ల. ఏం చేయాలో తోచక, నా నోటికి బడి మాట వచ్చేసింది. క్లాసులో అరిచినట్టే గొంతు పెంచాను.

"మొదటి తప్పు జవాబు ఎవరు చెప్తే వాళ్లకు బోర్డు!"

పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు. డాక్టరమ్మ నాకు మతి పోయిందనుకుని ఉంటుంది. మా అమ్మాయి నన్ను చాలాసేపు చూసింది. తర్వాత సెలైన్ సూది ఉన్న చేతిని నెమ్మదిగా పైకెత్తింది.

"టీచర్, శుక్రవారం లంచ్ కాడ మొదలైందనుకుంట. బొడ్డు కాడ. తర్వాత పక్కకు పోయింది. పొద్దున ఒక్కసారే మాయమైంది. టెస్ట్ రాస్తుంటే మళ్లొచ్చింది, మొత్తం పొట్టంతా. తప్పేమో టీచర్."

డాక్టరమ్మ మొహం మారిపోయింది. ఇంకో మాట లేకుండా మంచాన్ని నెట్టుకుంటూ ఆపరేషన్ థియేటర్ వైపు తీసుకెళ్లారు. తలుపు మూసుకున్నాక మేమిద్దరం గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాం. మా ఆయన చేతుల మీది గ్రీజును నా కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చి డాక్టరమ్మ, "పగిలిందమ్మా. సమయానికి చెప్పింది. ఇంకా ఆగి ఉంటే కష్టమయ్యేది" అంది. ఏం కష్టమయ్యేదో నేను అడగలేదు. ఇప్పటికీ ఆ మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది.

కుట్లు మానేదాకా పిల్ల ఇంట్లోనే ఉంది. ఓనర్ ఆంటీ రోజూ చారు కాచి తెచ్చేది, ఏడ్చేది కూడా. వాళ్ల మనవడి సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇన్‌చార్జి సార్ ఫోన్ చేసి మంచిగానే పలకరించాడు. సీటు సోమవారం దాకా ఉంచుతామని, తర్వాత వేరేవాళ్లకు ఇవ్వాల్సి వస్తుందని చెప్పాడు.

ఆ గడువుకు ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయన మెల్లగా అడిగాడు. "ఏమంటవు బిడ్డా? ఆడికే పోతవా, మీ అమ్మ క్లాసుకొస్తవా?"

పిల్ల పెరుగన్నం కలుపుతూ ఆగిపోయింది. పెదాలు బిగిసినట్టే అనిపించింది. నేను తల ఎత్తలేదు. ఎత్తితే నా మొహంలో జవాబు వెతుక్కుంటుందని తెలుసు. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, ఇంకోటి పోయింది. దవాఖాన నుంచి బిడ్డను తెచ్చుకున్నాను గానీ దాని గొంతు తెచ్చుకున్నానో లేదో అనుకుంటూ పళ్లెంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

"తెల్వది డాడీ" అంది.

ఇద్దరం తల ఎత్తాం.

"ఆడ పజిళ్లు మస్తుంటయి. ఈడ జర బోర్ కొడ్తది. కానీ ఆడ ఎవ్వరు మాట్లాడరు. నాకు తెల్వది." నా వైపు తిరిగింది. "ఇది తప్పా?"

ఎనిమిదేళ్ల పిల్ల తనకు తెలియదని గొంతు విప్పి చెప్పడం విని నాకు ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే, "తప్పేమో బిడ్డా, నాకూ తెల్వదు" అన్నాను.

"అయితే బోర్డు నాదే!"

ఎంగిలి చెయ్యి కడుక్కుని, పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకుని మెల్లగా నడిచి ఫ్రిజ్ పక్కకు పోయింది. వాళ్ల నాన్న రాసిన టైమ్ టేబుల్ ఉన్న వైట్ బోర్డు కింద స్టూల్ జరుపుకుంది. ఎక్కొద్దు, కుట్లున్నాయి అని నేను లేవబోయాను. మా ఆయన తనే లేచి ఆమెను స్టూల్ మీద కూర్చోబెట్టి, మేకు మీద నుంచి బోర్డు తీసి ఒళ్లో పెట్టి, తుడిచే గుడ్డ కూడా ఇచ్చాడు. సోమవారం మొదలు ఆదివారం టెస్ట్ దాకా ఒక్క గీత మిగలకుండా తుడిచింది.

కుట్లు మానాక పిల్ల మళ్లీ నా క్లాసుకే వచ్చింది. కాకుల్ని చూస్తూ కూర్చుంటుందేమోనన్న భయం నాకు పోలేదు. ఇప్పుడు రోజుకో పజిల్ వెతికి పెడుతున్నాను, కొన్ని నాకే రావు. కడుపులో ఎట్లుందని అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగి జవాబు చెప్తుంది. ఆ ఒక్క క్షణం నేను ఊపిరి బిగబట్టి నిలబడతాను.